ఉప్పుమడుల గట్ల మీద పరుగుపందెం

తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన నేను, తర్వాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి, నౌపడ దగ్గరి చిన్న బడిలో చరిత్ర మాస్టారినయ్యాను. పరుగుపందెం జట్టూ నా నెత్తినే పడింది. పోయినేడాది పోటీల్లో ఒక పెద్ద బడి డ్రిల్లు మాస్టారు మా ఆడపిల్లల ముందే నవ్వాడు.

"సదువు మానేసినోడివి, నువ్వేటి నేర్పుతావు? ఈళ్లు సేపలమ్ముకోడానికే పనికొస్తారు."

నన్నన్నది దులిపేసుకున్నాను. పిల్లల్నన్నది ఏడాదంతా నమిలాను.

ఈసారి పోటీ మా ఊళ్లో. పరుగుదారి గీసేది పోటీ పెట్టే బడే. రాజులు యుద్ధానికి ముందు నేల చూసుకునేవారని పాఠం చెప్పేవాణ్ణి కదా, దారిని ఉప్పుమడుల గట్ల మీదుగా గీశాను. మా పిల్లలు చేపలబుట్టలతో రోజూ రైలుకు పరిగెత్తేది ఆ గట్ల మీదే.

మావాళ్లు నలుగురూ ముందొచ్చేశారు. వెనకబడ్డ తన పిల్లల్ని అదిలించడానికి గట్టెక్కిన డ్రిల్లు మాస్టారు జారి, మోకాళ్లదాకా బురదలో దిగబడ్డాడు.

మొదటొచ్చిన పిల్ల రొప్పుతూనే అడిగింది. "మాస్టారూ, ఎల్లి ఆయనకి సెయ్యి ఇమ్మంతారేటి?"

"ఇద్దువులే తల్లీ. ముందు నీళ్లు తాగు," అన్నాను. "నిదానంగా తాగు."