ఎండలో కనపడని మంట

పంతొమ్మిది వందల నలభైల నాటి మాట. మాచర్లలో ఓ షావుకారు వాకిట్లో, మిట్టమధ్యాహ్నం, మస్తాన్ మామ తలుపులకు పాలిష్ పెడుతున్నాడు. నేను వడ్రంగం పనిలో ఉన్నా. పాలిష్‌లో కలిపే స్పిరిట్ ఒలికి మామ చొక్కా తడిసింది. పక్కనే షావుకారు చుట్ట వెలిగించి అగ్గిపుల్ల విసిరాడు. మామ గెంతుతూ కిందపడి దొర్లాడు.

“స్పిరిట్ తాగాడురోయ్, చిందులు చూడండి!” అన్నాడు షావుకారు. అందరం నవ్వాం.

ఎర్రటెండలో స్పిరిట్ మంట కంటికి ఆనదని మాకేం తెలుసు? చొక్కా నల్లబడ్డాకే గోనెపట్టా కప్పాను. మూడోనాడు మామ పోయాడు.

తాగి తగలబెట్టుకున్నాడన్నారు ఊళ్లో. జన్మలో చుక్క ముట్టని మనిషిని!

“నువ్వన్నా చెప్పు అబ్బాయా,” అని అత్త ఏడ్చింది.

ఊళ్లోవాళ్లకు చెప్పాను. “మరి నువ్వెందుకు నవ్వావురా?” అన్నారు.