సవతి విన్న పాట

జోఖాకు పాదాలు వాచి వారమైంది. అయినా మిచెంజాని పేట మేడల వెనక సందులో పొయ్యి వెలిగించక తప్పదు. పుల్లటి మామిడికాయ చారు కాయాలి, బజ్జీలు వెయ్యాలి, మధ్యాహ్నానికల్లా రెండూ కలిపి ఉరోజో గిన్నెలు నింపి ఇవ్వాలి. కాస్త ఆలస్యమైతే చాలు, వాడకట్టు మగాళ్లంతా ఆకలికి చచ్చిపోతున్నట్టు మొహాలు పెట్టుకుని నిలబడతారు. ఆ గరిటె పట్టిన చేయి ఒకప్పుడు పెళ్లి పందిళ్లలో మైకు పట్టుకుందని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. వాళ్లనని లాభం లేదు. జోఖా ఇప్పుడు నోరు తెరిస్తే వానలో తడిసిన డప్పు మోగినట్టుంటుంది.

ఆమె తండ్రి రేవులో లవంగాల మూటలు మోసేవాడు. కూతురు ఖురాన్ బడిలో చదువుతుంటే గోడ అవతల బట్టలుతికే ఆడవాళ్లు చేతులాపి వినేవాళ్లట. పదిహేనేళ్లు నిండకుండానే ఎవరో పెద్దావిడ చెయ్యిపట్టి తీసుకెళ్లి పెళ్లిళ్లలో పాడే తారబ్ బృందంలో వెనక వరసలో కూర్చోబెట్టింది. ముందు వరసకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. అప్పటినుంచి ఊళ్లో పెళ్లంటే జోఖా, జోఖా అంటే పెళ్లి. తన పెళ్లి మాత్రం నిలబడలేదు. మొగుడి పేరు మకామే, పడవలు చెక్కేవాడు, చెయ్యి మంచిది, మనసే కుదురు లేనిది. నాలుగేళ్లు కాపురం చేసి, షినూనాను రెండో పెళ్లి చేసుకుని ఆ గడపకే అంటుకుపోయాడు. విడాకులివ్వలేదు, ఇటు తొంగి చూడలేదు. పేరుకే మొగుడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పెళ్లిళ్లలో తారబ్ పాట వినడానికి ఎవరూ రారు, తగిలించడానికి వస్తారు. తనకు కావలసిన చరణం రాగానే ఒకావిడ లేస్తుంది. నోటు పైకెత్తి పట్టుకుని, నడుం ఊపుకుంటూ, పందిరంతా చూసేలా నింపాదిగా నడిచివచ్చి పాడే మనిషి చేతిలో పెడుతుంది. అప్పుడామె కళ్లు ఎవరి మీద వాలితే ఆ చరణం వాళ్లకే. అప్పు ఎగ్గొట్టిన ఆడబిడ్డకో, కొడుకుని లాక్కున్న కోడలికో అక్కడికక్కడే ముట్టిపోతుంది. పాడే మనిషి మాత్రం ఎవరి పక్షమూ కాదు. చూపు తలల మీదుగా నిలపాలి, ఇచ్చినందుకు అరచెయ్యి ఒకసారి పైకెత్తాలి, పాట ఆగకూడదు. ఆగిందా, ఇంక ఆవిణ్ణి ఏ పెళ్లికీ పిలవరు.

షినూనా ఒక్క పెళ్లి కూడా మానేది కాదు. జోఖా పాడే పాటల్లో ఒకటి వదిలేసిన ఆడదాని మీద ఉండేది.

*ఎండిన బావికి చేద ఎందుకు,*
*తాడు చుట్టుకుని వెళ్లినవాడు మళ్లీ వస్తాడా.*

ఆ చరణం రావడం, షినూనా లేవడం. అందరిలా ఆమె చూపు అటూ ఇటూ పోయేది కాదు. నోటు చేతిలో కుక్కి నేరుగా జోఖా మొహంలోకే చూసి నవ్వేది. పందిరంతా గొల్లుమనేది. తన్ను తిట్టే మాట తన నోటితోనే పాడాలి, పైగా చెయ్యెత్తి దండం పెట్టినంత పని చెయ్యాలి. ఏ ఆడదానికైనా ఇంతకంటే శిక్ష ఉంటుందా? జోఖా పాడేది. ఇంటికెళ్లి ఒంటికి చుట్టుకున్న కాంగా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది, మళ్లీ పై వారం వేరే పందిట్లో పాడేది. ఒక్కసారీ పాట ఆపలేదు.

మకామే పోయాడు. షినూనా ఆ వీధిలో, జోఖా ఈ వీధిలో, ఎవరింట్లో వాళ్లు తెల్లబట్ట కట్టుకుని కూర్చున్నారు. మైల తీరిందో లేదో షినూనా మళ్లీ పందిట్లో తయారు. మనిషి పోయినా పంతం పోలేదని అందరూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత జోఖా మెడమీద గడ్డ లేచింది. కోసెయ్యాలన్నారు. సరిగ్గా అప్పుడే సముద్రం అవతలి దార్ పట్నం నుంచి ఒక డైరెక్టరమ్మ వచ్చింది. పాటలు పాడే ఆడమనిషి మీద సినిమా తీస్తోందట, మొగుడు వదిలేసినా పాట వదలని మనిషి కథట. గోడలకు మెత్తలు కట్టిన గదిలో జోఖాను నిలబెట్టి, ఎండిన బావి పాట మొత్తం పాడించుకుంది. ఆ మరుసటి నెలలో గడ్డ తీశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. బృందం వాళ్లు కొన్నాళ్లు పలకరించారు, తర్వాత అదీ మానేశారు.

సినిమా పూర్తవడానికే ఏళ్లు పట్టింది. గోడల మీద బొమ్మలు వెలిశాయి. బొమ్మలో సన్నటి పిల్ల, మైకు పట్టుకుని కళ్లు మూసుకుంది. దార్‌లో సినిమా చూసొచ్చినవాళ్లు ఎంత బాగా పాడిందో అంటే, ఊరంతా ఆ పిల్లనే మెచ్చుకోవడం మొదలుపెట్టారు. జోఖా మనసు ఆగక పక్కింటి జైతూనీతో అనేసింది, ఆ గొంతు తనదేనని.

“నీదైతే నేను సుల్తానుగారి చిన్న కూతుర్ని. చారు మాడుతోంది చూసుకో అక్కా,” అంది జైతూనీ.

జోఖా ఇంకెవరితోనూ అనలేదు. వాళ్లతో వాదించే ఓపికా లేదు. డబ్బు వద్దు, పేరు బొమ్మల మీద వెయ్యక్కర్లేదు. ఈ ఊళ్లో ఒక్కరు, ఎవరో ఒక్కరు, అది జోఖా గొంతు అని చెబితే చాలు. చెప్పేవాళ్లే లేకపోతే ఇన్నేళ్లు తను ఎవరికోసం పాడినట్టు? ఆ దిగులు ఆమెను వాచిన కాళ్లకంటే ఎక్కువ బాధ పెడుతోంది.

పాత కోట లోపల తెర కట్టి సినిమా వేసిన రోజు జైతూనీయే ఆమెను లాక్కొచ్చింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అవగానే జనం నిండిపోయారు. జోఖా కాళ్లు చాపుకోవడానికి వీలుంటుందని చివరి బెంచీలో కూర్చుంది. ముందు వరసలో షినూనా ఉంది, చేతికర్రతో. జోఖా చూసి తల తిప్పుకుంది.

తెరమీద పాట మొదలైంది. మెత్తల గదిలో పాడిన పాట, చుట్టూ కేకలు లేవు, మైకు గరగర లేదు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. జోఖా చుట్టూ చూసింది. ఒక్క మొహమూ తనవైపు తిరగలేదు.

ఎండిన బావి చరణం వచ్చింది. మా ఆడవాళ్లకు సినిమా అయితేనేం, పెళ్లయితేనేం, చరణం వచ్చాక కూర్చోగలరా. ఒకావిడ లేచింది, ఆమె వెనక ఇంకొకావిడ. నోట్లెత్తి ఊగుతూ తెరదాకా నడిచారు. పుచ్చుకునే మనిషి లేదు కదా, తెర అంచు కింద దోపి, తమకు కావలసినవాళ్ల వైపు గుడ్లురిమి చూశారు. కుళాయి దగ్గర రోజూ కొట్లాడే మనిషి ఎదురుగా కనిపించేసరికి జైతూనీ కూడా పరిగెత్తింది. అది ఉత్త గుడ్డ తల్లీ అని డైరెక్టరమ్మ మొత్తుకుంటే, పాట పాటే కదా అని కసిరారు.

జోఖా బిగుసుకుపోయింది. ఇప్పుడు షినూనా లేస్తుంది. మళ్లీ ఇంతమందిలో, గొంతు కూడా లేని ఈ వయసులో. పారిపోదామంటే కాళ్లు లేవడం లేదు.

షినూనా లేవలేదు. ఆ చరణం వెళ్లిపోయింది. ఆఖరి చరణం వచ్చింది.

*పడవ దిగినవాళ్లు పడవను మరిచారు,*
*అల ఒక్కటే ఒడ్డును మరవలేదు.*

అప్పుడు లేచింది. కర్ర ఒక చేత, నోటు ఒక చేత. తెర దగ్గరకు వెళ్లి ఆ సన్నటి పిల్లను ఎగాదిగా చూసింది, కింద దోపిన నోట్లను చూసింది.

“గొంతు వెనకాల కూర్చునుంటే గుడ్డకు చదివిస్తారేంటే, బుద్ధిలేని మొహాల్లారా,” అంది.

అని వెనక్కి తిరిగింది. నోటు పైకెత్తే ఉంది. ఆగి ఆగి, కర్ర ఊతంతో, బెంచీల మధ్యగా చివరిదాకా నడిచింది. ఆమె కళ్లు ఎటు వెళ్తే అటే జనమంతా తిరిగారు. పాత ముఖాల్లో గుర్తు కదిలింది. జోఖా, జోఖాయే, అని గుసగుస ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. జైతూనీ తను దోపిన నోటు తెర కిందనుంచి లాక్కుంది.

షినూనా నోటు జోఖా చేతిలో పెట్టింది.

“ఈసారి ఎవరికి తగిలించడానికి లేచావు?” అంది జోఖా, తడిసిన డప్పు గొంతుతో.

“ఎవరికీ కాదు. నిన్ను సరైన చోట పొడవాలంటే ఒక్కో ముక్కా వినాలి కదే. ఎక్కడ ఊపిరి తీస్తావో, ఎక్కడ గొంతు జారుస్తావో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? వీళ్లంతా మాటలు విన్నారు. నిన్ను విన్నది నేనొక్కదాన్నే.”

ఒక్కరు చాలనుకుంది జోఖా. ఆ ఒక్కరు ఈవిడ అవుతుందని అనుకోలేదు. కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. అలవాటు కొద్దీ చూపు తలల మీదికి వెళ్లింది, అరచెయ్యి దానంతటదే పైకి లేచింది. తెరమీద పాట ఆగకుండా సాగుతోంది.

“కాస్త జరుగు, నిలబడలేకపోతున్నాను,” అంది షినూనా.

జోఖా జరిగింది. చూపు కిందికి దించి, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మొహంలోకి చూసింది. షినూనా కూడా ముసలిదైపోయింది.