ఈదమ్మ చెల్క

శామీర్‌పేట దాటి మేడ్చల్ వైపు మళ్లే దారిలో ఉన్న గోల్ఫ్ క్లబ్బు గేటు దగ్గర వజ్రమ్మ రోజూ చెప్పులు విప్పేది. లోపల గడ్డి తెల్లవారుజామంత చల్లగా ఉండేది. ఆ గడ్డి కింద ఒకప్పటి చెల్క ఉంది, వాన మీద మక్కజొన్న పండిన మెట్ట చేను. వజ్రమ్మ అత్త ఈదమ్మ బతుకంతా అందులోనే గడిపింది కనుక ఊరంతా దాన్ని ఈదమ్మ చెల్క అనేవాళ్లు. ఈదమ్మ పోయింది, చెల్క క్లబ్బులో కలిసింది, వజ్రమ్మ అక్కడే కలుపు తీసే పనికి కుదిరింది.

రెండువేల నాలుగు వానాకాలానికి క్లబ్బులో మూడు మైదానాలు తయారయ్యాయి. ఒక్కోదానిలో తొమ్మిది గుంతలు. ఏ రెండు మైదానాలు కలిపితే ఆ పూటకు అదే ఆట. ఏ రెండో చెప్పాలంటే పేర్లుండాలి. చెరువు పక్కది లేక్ అయింది, బండల నడుమది రాక్ అయింది. చెల్క మీద పరిచిన మూడోది మాత్రం ఇంకా తొట్టెల చేసి పేరు పెట్టని పసిపిల్లలా పడుకుని ఉంది.

దానికి అత్త పేరే కావాలని వజ్రమ్మ ఆశ. ఊళ్లో ఆ పేరు పలికే నోళ్లు తగ్గిపోతున్నాయి. ఒకరోజు ధైర్యం చేసి మేనేజరు జోగారావును అడిగేసింది.

"సారూ, గా మూడోదానికి మా అత్త పేరు వెట్టరాదుండ్రి? ఈదమ్మ."

గడ్డికోత మిషన్ మీదున్న కుర్మయ్య పకపకా నవ్వాడు. "బతికున్నప్పుడు దినాం అత్తతోని లొల్లే. ఇప్పుడు బోర్డు గావాల్నా, వజ్రక్కా?"

"లొల్లి వెట్టుకున్నది నేనే, యాద్ జేసుకునేది నేనే. నడుమ నీకేంది?"

కాకినాడ వైపు నుంచి వచ్చిన జోగారావు నవ్వలేదు. "బావుందమ్మా. కమిటీలో చెప్పి చూస్తాను," అన్నాడు. శనివారం పొద్దున తనే వెతుక్కుంటూ వచ్చాడు. "ఒప్పుకున్నారు వజ్రమ్మా. రేపు పెయింటర్ వస్తాడు."

ఆ పూట రాక్‌లో కలుపు తీస్తుంటే ఆమె చేతులకు బరువే తెలియలేదు. అంతలో ఎవరో పెద్దమనిషి కొట్టిన బంతి బండకు తగిలి పొదల్లోకి ఎగిరిపోయింది. ఆయన చేతిలోని ఆట కర్రతో నేలను దబదబా బాదాడు. పచ్చిక పెళ్లలు లేచాయి. "ఛీ, దరిద్రపు రాక్! దీని మొహం తగలెయ్య!"

వజ్రమ్మ చేయి ఆగిపోయింది. తమ ఇళ్లలో పోయినవాళ్ల పేరు పెట్టుకున్న పిల్లను కొట్టరు, తిట్టరు. ఆడబిడ్డ కూతురికి అలా ముత్తవ్వ పేరు పెట్టారు. అది పాలకుండ పగలగొట్టినా "రా తల్లీ" అనే పిలిచారు.

ఆమె తిన్నగా ఆఫీసుకు నడిచింది.

"వద్దు సారూ. అత్త పేరు వద్దు."

"అదేంటి! అడిగింది నువ్వే కదా? ఇప్పుడు కమిటీకి నేనేం చెప్పను?"

"బంతి వోతే తిడ్తున్నరు. కట్టెతోని గొడ్తున్నరు. పెద్దల పేరు మీద దెబ్బ వడొద్దు సారూ."

జోగారావు కిటికీలోంచి బయటికి చూశాడు. మెల్లగా అడిగాడు. "మరి ఏం రాయించమంటావు?"

"గట్టు మీద మోదుగ చెట్లున్నయి గద. మోదుగ అని రాయిండ్రి. చెట్టుకైతే తిట్లు తాకయి."

మర్నాడు మోదుగ బోర్డు లేచింది. వజ్రమ్మ దాని ముందు కాసేపు నిలబడి, బుట్ట తీసుకుని పంపుహౌసు వెనక్కి బయల్దేరింది. మైదానాల్లో కర్ర దెబ్బలకు లేచిన చోట్ల అతికేందుకు గడ్డి పెంచే చిన్న మడి అక్కడ ఉంది. అందులో ఎవరూ ఆడరు. దానికింకా ఏ పేరూ లేదు.

"యాడికి వోతున్నవ్, వజ్రక్కా?" మిషన్ ఆపి అరిచాడు కుర్మయ్య.

"ఈదమ్మ చెల్కకు," అంది వెనక్కి తిరగకుండానే. "రాక్ మీద గాయమైంది, గడ్డి తేవాలె."