పెదనాన్న ఆదివారపు కొలతలు

మా పెదనాన్నకు ఉన్న జబ్బు ఒక్కటే. కంటికి కనిపించినదాన్నల్లా కొలుస్తాడు.

వడ్రంగి కాబట్టి జేబులో టేపు ఉండటంలో వింతేమీ లేదు. కానీ నేను పెళ్ళాడబోయే మనిషిని మొదటిసారి ఇంటికి తీసుకొస్తే, కూర్చోమని కూడా అనకుండా గుమ్మానికి ఆనించి నిలబెట్టాడు. "అయిదడుగుల ఆరున్నర. ఫరవాలేదమ్మాయ్, మన గుమ్మాలు తలకి తగలవు" అని సంబంధం ఖాయం చేసేశాడు. ఒకసారి పెదనాన్న తనకు ఛాతీలో నొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్టెతస్కోపు చెవిలో పెట్టుకునేలోగా ఈయన టేబులు కొలిచాడు.

"డాక్టరుగారూ, దీని ఎడమకాలు పావంగుళం కురచ."

"ముందు మీ గుండె చూద్దామండీ."

"చూడండి. దానికి నా టేపు పనికిరాదు."

అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది మా మేనత్త, అంటే ఆయన చెల్లెలు. చూపు పోయి ఇరవయ్యేళ్ళయినా అదే వీధిలో ఒంటరిగా ఉండేది. మంచం నుంచి కుర్చీకి నాలుగడుగులు, కుర్చీ నుంచి పొయ్యికి ఏడు. ఆ లెక్క తప్ప ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. ప్రతి ఆదివారం పెదనాన్న వెళ్ళి ఆ ఇల్లంతా కొలిచేవాడు.

"అన్నయ్యా, నా ఇల్లేమైనా ఎదుగుతోందా?"

"వానలకి చెక్క ఉబ్బుతుందే. చూసుకోవాలి."

"ఎండాకాలం కూడా వస్తావుగా?"

"ఉబ్బింది తగ్గిందో లేదో చూడొద్దూ?"

మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆ వేసవిలో ఊరి పక్క అడవి అంటుకుంది. పది నిమిషాల్లో ఇళ్ళు వదలమన్నారు. అందర్నీ దూరాన ఒక బడిలో ఉంచారు. పెదనాన్న అక్కడ కూడా మంచాల మధ్య సందులు కొలిచి, అంగుళం తేడా ఉందని అధికారులతో పేచీ పెట్టుకున్నాడు. అత్తయ్య మాత్రం మంచం దిగలేదు. నీళ్ళగదికి వెళ్ళాలన్నా నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది.

తొమ్మిదో రోజు వెనక్కి రానిచ్చారు. పెదనాన్న ఇల్లు నిలిచింది. అత్తయ్య ఇంటికి మూడు రాతి మెట్లూ, ఒక ఇనప పొయ్యీ మిగిలాయి. అత్తయ్య అలవాటు చొప్పున మెట్లెక్కి, నాలుగో అడుగు బూడిదలో దిగబడగానే ఆగిపోయింది.

"నాకిక్కడ ఏమీ తెలియట్లేదే" అంది నాతో.

మా ఇంటికి రమ్మన్నాను. "ఈ వయసులో కొత్త గోడలు తడుముకుంటూ మీ కాళ్ళకి అడ్డం పడనా? చూపులేనివాళ్ళ ఆశ్రమంలో చేర్పించండి. ఆ పాత ఇంట్లో అయితే బతికేదాన్ని. అది ఇంకెక్కడిది?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న బూడిద ఊడ్చి, పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగాడు. కర్రమేకులు పాతుతూ, వాటికి తాడు కడుతూ ఒక్కో అంకె పైకి చెప్పుకుపోతున్నాడు. ఇక్కడ కుర్చీ, ఇక్కడ మంచం కోడు. కాగితం ముక్క కూడా చూడటం లేదు.

"ఇవన్నీ ఎలా గుర్తున్నాయి పెదనాన్నా?"

"వారం వారం సర్దినవే కదా. పనమ్మాయి ఊడుస్తూ కుర్చీ జరిపేది. నువ్వొచ్చినప్పుడల్లా స్టూలు కిటికీ దగ్గరికి లాక్కునేదానివి. నాలుగంగుళాలు తేడా వస్తే చాలు, పిచ్చిది మోకాలు పగలగొట్టుకుంటుంది."

నాకు సిగ్గేసింది. ఆ స్టూలు నేను ఒక్కసారి కూడా తిరిగి పెట్టలేదు.

"అత్తయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను గడప తొక్కనిచ్చేదా? నాకు కాపలా కాస్తావా అని టేపు వీధిలోకి విసిరేసేది."

అయిదు నెలలు పట్టింది. ఇల్లు పూర్తయిన రోజు అత్తయ్య మెట్లెక్కి ఒంటరిగా లోపలికి నడిచింది. పెదనాన్న గోడకి అంటుకుపోయి ఊపిరి బిగబట్టాడు. మంచం తగిలింది. నాలుగడుగులకు కుర్చీ తగిలింది. అక్కడి నుంచి అయిదు అడుగులు వేసి, వంటింటి ద్వారం దగ్గర గభాలున ఆగింది.

"అన్నయ్యా, ఇక్కడ కొలత తప్పావు."

పెదనాన్న మొహం పాలిపోయింది. "నేనా?"

"వంటింటి గడప ఏది?"

"కావాలనే తీసేశానే. ఇరవయ్యేళ్ళ నుంచి దానికి బొటనవేలు కొట్టుకుంటున్నావుగా!"

"కొట్టుకుంటేనేగా వంటింట్లోకి వచ్చానని తెలిసేది! వారం వారం వచ్చి నా కుర్చీలు సర్ది పోయేవాడివి, ఆమాత్రం తెలీదూ?"

పెదనాన్న బయటికెళ్ళి, అంగుళమున్నర చెక్క కోసుకొచ్చి గడప బిగించాడు.

అత్తయ్య నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, మళ్ళీ నడిచొచ్చి, దాన్ని ఫెడీమని తన్నింది. "అబ్బా!" అని వేలు పట్టుకుని, నవ్వుకుంటూ పొయ్యి వెలిగించడానికి లోపలికెళ్ళింది.