తీర్పు వచ్చేనాటికి

పోయిన నెల ఒక శుక్రవారం, జనగామ కోర్టులో కేసులు పిలుస్తుండగా మా సీనియర్ పోయారన్న కబురొచ్చింది. జడ్జిగారితో సహా అందరం లేచి నిలబడ్డాం. నా పక్కన ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అటు చూడలేకపోయాను.

నేను ఆయన దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. లాయర్లం కోర్టులు బహిష్కరించి రోడ్డు మీద బైఠాయిస్తే ముందు వరుసలో ఆయనే. అప్పుడే మా పక్క పల్లె పంచాయతీ ఒక తీర్మానం చేసింది: సర్కారు ఇచ్చే ఇళ్ల స్థలాలు ఆ ఊళ్లో పుట్టినవాళ్లకేనట.

ఆ దెబ్బ తగిలింది ఒక్కామెకే. పత్తి సాగుకని కోస్తా నుంచి భర్తతో వచ్చి, ఆయన పోయాక బట్టలు కుడుతూ అక్కడే ఉండిపోయిన మనిషి. తనకిచ్చిన స్థలంలో అప్పటికే పునాది కట్టించుకుంది.

"నా మనిషిని ఈ ఊళ్లోనే మట్టి చేశానండీ. ఇప్పుడు ఏ ఊరు వెళ్లమంటారు?" అంది మా ఆఫీసులో. కక్షిదారు నిలబడితే సహించరాయన. తన కుర్చీయే జరిపి కూర్చోబెట్టారు.

ముందు పంచాయతీకే వెళ్లి చెప్పి చూశారు.

"ఊర్లె ఉంటున్నోళ్లకు ముందు ఇద్దమంటే ఇనొచ్చు. ఈడ పుట్టినోళ్లకే అంటే రాజ్యాంగం ఒప్పుకోదు. కొలువుల ముచ్చట వేరు. అండ్ల లోకల్ షరతు పెట్టనీకి పార్లమెంటుకు అధికారమున్నది. పుట్టిన ఊరు చూసి ఇల్లు లేదనే అధికారం ఎవ్వలికీ లేదు."

"సార్, మీరు ఎవల దిక్కు?" అని ఒకతను లేచాడు.

"తెలంగాణ దిక్కే. రేపు రాష్ట్రమొస్తది. గీ తీర్మానం మన పేరు మీద ఉండొద్దు."

వాళ్లు వినలేదు. హైకోర్టుకు వెళ్లాం. తీర్మానం చెల్లదని తీర్పొచ్చింది. ఆ మాట తానే చెప్పాలని ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆమె అద్దెకున్న గది తలుపు తీసే ఉంది. లోపల ఏమీ లేదు. నేల మీద కుట్టుమిషను కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

"పోయిన వారమే ఊరిడిసి పోయింది సార్. ఎవ్వలేమనలే," అంది ఇంటావిడ. తలుపు దగ్గరికేస్తూ, "ఆమెతోని ఎవ్వలు మాట్లాడలే. గంతే," అంది.

ఆ తర్వాత ఆయన మహబూబాబాద్ వెళ్లినా, భూపాలపల్లి వెళ్లినా బట్టలు కుట్టే దుకాణం కనబడితే ఆగి లోపలికి చూసేవారు. రాష్ట్రం వచ్చిన రోజు కోర్టు ఆవరణలో రంగులు చల్లుకున్నాం. గులాల్ నిండిన ముఖంతో నవ్వుతూనే నా దగ్గరికొచ్చి, "ఆమె యాడున్నదో బిడ్డా," అన్నారు. ఇవాళ్టికీ తీర్పు రాగానే నేను ముందు కక్షిదారుకే ఫోన్ చేస్తాను. అది ఆయన వల్ల వచ్చిన అలవాటు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ ఊరు వెళ్లాను. చుట్టూ ఇళ్లు లేచాయి. ఆమె స్థలం ఒక్కటే అలాగే ఉంది, పునాది రాళ్ల మధ్య గడ్డి మొలిచి. పక్కింటావిడ నీళ్ల బిందెతో వస్తోంది.

"ఎవరిదమ్మా ఇది?"

"ఆంధ్రమ్మది. వస్తదేమోనని ఎవ్వలం ముట్టలే."

ఆ స్థలంలోంచి అడ్డంగా నడిస్తే పక్కింటావిడ గడప దగ్గరే. అయినా అక్కడ గోడలు లేచి ఉన్నట్టే, నిండు బిందెతో పునాది చుట్టూ తిరిగి తన వాకిట్లోకి వెళ్లింది.