కుంటాల నిమ్మళం

దేవదాస్ చెవుల్ని తిన్నవి సాంచాలే, ఇందులో దాపరికం ఏమీ లేదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక్క కార్ఖానాలో నలభై సాంచాలు ఆడుతుంటే వాటి నడుమ ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి చెవులు మిగలడమే విడ్డూరం. అక్కడ ఎవరూ గొంతు చించుకోరు. ఊరికే పెదవులు కదిలిస్తారు, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు. భార్య అనసూర్య ఆ పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆలుమగల ముచ్చట్లన్నీ అట్లా పెదవుల మీదే నడిచాయి, జగడాలతో సహా.

పోయిన చలికాలం కరీంనగర్‌లో డాక్టరు పరీక్ష చేసి, ఎడమ చెవి పోయింది, కుడిది కూడా ఎక్కువ రోజులు ఆగదని కాగితం మీద రాసి చూపించాడు. అప్పటినుంచి దేవదాస్‌కు ఒకటే దిగులు. అనసూర్య గొంతు ఎట్లా ఉంటుందో అతనికి సరిగ్గా గుర్తు లేదు. ఏ చప్పుడూ లేని చోట ఒక్కసారి ఆ గొంతు వినాలి, ఆ తర్వాత చెవులు ఎటుపోతే అటు పోనీ. ఇంట్లో విందామంటే గల్లీ గల్లీ అంతా సాంచాలేనాయె.

అలాంటి చోటు ఎక్కడుందో అతనికి తెలుసు. కార్ఖానాలో రిపేర్లు చేసే సత్తార్‌ది ఇచ్చోడ ఊరు. ఎప్పుడు చాయ్ తాగినా తమ ఊరి దగ్గరి కుంటాల జలపాతం ముచ్చట తీసేవాడు.

"దేవదాసన్నా, ఆడ రాతిగుండు మీద కూసుంటే నీ ఊపిరి నీకే ఇనవడ్తది. గంత నిమ్మళం."

దేవదాస్ సాంచా పక్కన గోడకు ఓ పాత క్యాలెండర్ ఉంది. అందులో కుంటాల తెల్లగా, నిండుగా దూకుతూ ఉంటుంది. ఏళ్లు గడిచినా ఆ బొమ్మను తీయనివ్వలేదు. బొమ్మలో నీళ్లు చప్పుడు చేయవు కదా. ఆ బొమ్మా, సత్తార్ మాటా కలిసి అతని తలలో ఒకటే చోటుగా కుదురుకున్నాయి.

శ్రావణంలో ఆర్డర్లు లేక కార్ఖానా పది రోజులు బంద్ పెట్టారు. దేవదాస్ భార్యను బస్సెక్కించాడు. అప్పటికే ఊరికి పోయి ఉన్న సత్తార్ నేరడిగొండలో ఆటోతో ఎదురొచ్చి జలపాతం దాకా తీసుకెళ్లాడు.

సగం మెట్లు దిగేసరికి కుడి చెవిలో హోరు మొదలైంది. తన చెవి జబ్బేననుకున్నాడు పాపం. ఇంకో ఇరవై మెట్లు దిగాక అరికాళ్లకు అదురు తెలిసింది, అచ్చం కార్ఖానా గచ్చు అదిరినట్టు. కింద కుంటాల క్యాలెండర్‌లో ఉన్నట్టే ఉంది, వీసమంత తక్కువ లేదు. జనం తడిసి ముద్దయి నవ్వుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. దేవదాస్ ఒక్కడే దోపిడీకి గురైనవాడిలా మెట్టు మీద కూలబడ్డాడు.

"గిది మన కార్ఖానానే," అన్నాడు.

సత్తార్ ముఖం మాడిపోయింది. అరిచి లాభం లేదని అలవాటు కొద్దీ పెదవులే కదిలించాడు. "నేను జూసింది ఎండకాలమన్నా. అప్పుడు నీళ్లు సన్నగ దారమోలె ఉంటయి. గిప్పుడు మోత ఉంటదని నీకెర్క అనుకున్న."

ఎవరిని తిడతాం చెప్పండి. ముగ్గురూ మెట్లెక్కి పైకొచ్చారు. సత్తార్ ఆటో తేవడానికి పోయాడు. పైన చెట్లు హోరును ఆపేశాయి. అరికాళ్ల కింద నేల నిమ్మళించింది. రోడ్డు అవతల ఒక ముసలమ్మ మక్కెన్ల కంకులు కాలుస్తోంది, అంతే. దేవదాస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గిప్పుడు చెప్పు, అనసూర్యా. పెదవులు నాకు కనవడొద్దు. అటు తిరిగి గొంతుతోని చెప్పు."

"ఏం జెప్పాలె?"

"నీ ఇష్టం. ఏదన్న."

అనసూర్య అటు తిరిగింది. దేవదాస్ కుడి చెవిని ఆమె జడ దగ్గరికి వంచి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బయట చప్పుడు లేకున్నా చెవి లోపల సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. ఇంకా చెప్పలేదేమో, సిగ్గుపడుతోందేమో అనుకుని కళ్లు తెరిచాడు. అవతలి ముసలమ్మ విసనకర్ర ఆపేసి, అనసూర్య వంకే చూస్తోంది. చూస్తూ చూస్తూ కొంగుతో కళ్లొత్తుకుంది.

అనసూర్య ఇటు తిరిగింది. "ఇనవడ్డదా?" అన్నాయి పెదవులు.

"ఇనవడ్డది," అన్నాడు దేవదాస్.

"నేనేమన్న?"

దేవదాస్ మక్కెన్ల పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. అనసూర్య అతని చెయ్యి పట్టుకుని ఆ పొయ్యి దగ్గరికే నడిచింది.