మా తాత పూచీ పడ్డ పట్టు

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, మా బాపు తమ్ముడు, అంటే మా చిన్నాయన, పోచంపల్లిలో ఇంకో నలుగురితో కలిసి చీరల కంపెనీ పెట్టాడు. మాది మగ్గం ఇల్లు. తాత నేస్తే చిన్నాయన అమ్మేవాడు. దసరా ముందు, పట్టుదారం అమ్మే హైదరాబాద్ సేటు ఆ కంపెనీకి అరువియ్యనని మొండికేస్తే, చిన్నాయన అతణ్ణి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాడు. మగ్గం గుంటలో కూర్చున్న తాత లేవకుండానే పడుగు దారాల మీద చెయ్యి పెట్టి, "గీ దసరా పట్టుకు నేను జమానతు. కంపెనీ కట్టకుంటే నేను కడత" అన్నాడు. పడుగు మీద చెయ్యి పెట్టి అన్న మాటకు మా ఇళ్లలో ఇక కాగితం అడగరు. సేటు కూడా అడగలేదు. నేను పక్కనే ఆసు పోస్తూ, అంటే మేకుల చుట్టూ దారం తిప్పుతూ, అంతా విన్నాను.

దసరా పట్టు డబ్బులు కంపెనీయే కట్టేసింది. చిక్కంతా ఆ తర్వాత మళ్లీ అరువుకు తెచ్చిన పట్టుతోనే వచ్చింది. చీరలు అమ్ముడుపోక ఎండాకాలానికల్లా కంపెనీ మూతపడింది. అప్పు కంపెనీది, మనది కాదని చిన్నాయన ధీమాగా తిరిగాడు. మహా తెలివి! సేటు మాత్రం, మీ నాయన మాట ఉంది కదా, మొత్తం ఆయనే కట్టాలని కబురు పంపాడు. అంత డబ్బంటే ఇల్లు అమ్మాల్సిందే.

హైదరాబాద్‌లో వకీలు చదువు చదువుతున్న పక్కింటి అక్కను బాపు పిలిచి అడిగాడు. కాగితం లేకపోయినా నోటి పూచీ చెల్లుతుందనీ, కాకపోతే తాత ఆ మాట అన్నట్టు సేటే రుజువు చేసుకోవాలనీ, దేనికి పూచీ పడితే దానికే కట్టాలనీ అక్క విడమరిచి చెప్పింది. బాపు చెవికి రుజువన్న మాటొక్కటే ఎక్కింది. తాత అసలేమీ అనలేదని చెప్పేద్దామన్నాడు. నన్ను పిలిచి, ఎవరడిగినా ఏమీ వినలేదని చెప్పమన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. తల ఊపాను గానీ ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు సేటు వచ్చాడు. ఆ రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, ఏం విన్నావని అందరి ముందూ నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తాత అందుకున్నాడు.

"పిల్లనెందుకు అడుగుతవు సేటూ? అన్నది నేను. దసరా పట్టుకు జమానతు ఉన్న. ఆ పైసలు నీకు ముట్టినయి. తర్వాతి పట్టు నన్ను అడిగి ఇచ్చినవా?"

తాత కాదంటాడనుకుని కోర్టుకు పోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, సేటు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అన్నది ఒప్పుకున్నవు. నువ్వు చెప్పే మిగతాది గూడ నిజమే అయితది" అని, ఆ బాకీ కంపెనీతోనే తేల్చుకుంటానని లేచాడు. అమ్మ గడపలోనే కూలబడి ఏడ్చేసింది. మా అందరి గుండెల మీది బండ దించినట్టయింది. బాపు మాత్రం తాత మొహం చూడలేకపోయాడు. ఆ రోజు నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

తర్వాత తాతను అడిగాను, సేటు నమ్మకపోయుంటే ఇల్లు పోయేది కదా అని.

"పోతుండె. ఇల్లు పోతే కిరాయికుంటం బిడ్డా. నీకు అబద్ధం నేర్పితే దాన్ని ఎట్ల వాపస్ తీసుకోవాలె?"

ఇప్పుడు నేను చౌటుప్పల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఎవరైనా పూచీ ఉండమంటే దేనికి, ఎంతవరకని గుచ్చి గుచ్చి అడుగుతాను. చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. ఒప్పుకున్నాక మాత్రం, సాక్షి ఉన్నా లేకున్నా, అన్నావా అంటే అన్నాననే చెబుతాను.